పంచరైన పిల్లకు చక్రం ఇచ్చే బాధ్యత ఎవరిది? సైకిల్ పోటీల నిర్వాహకులకు ఒక మెకానిక్ బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో సైకిల్ పోటీలు నిర్వహిస్తున్న జిల్లా, రాష్ట్ర సంఘాల బాధ్యులకు, క్రీడాధికారులకు, పిల్లలకు శిక్షణ ఇస్తున్న కోచ్‌లకు నమస్కారాలు.

తెనాలిలో సైకిల్ షాపు నడిపిన కుటుంబంలో పుట్టి, ఉద్యోగరీత్యా అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్థిరపడినవాణ్ని నేను. ఏడాదిలో ఎక్కువ భాగం నా పని వేరు. వేసవి వచ్చిందంటే మాత్రం సెలవులన్నీ కూడబెట్టుకుని సైకిల్ రేసుల్లో మెకానిక్‌గా పనిచేస్తాను. గడిచిన వేసవి కూడా అలాగే గడిచింది. అక్కడ రోజూ చూస్తున్న ఒక ఏర్పాటును మన దగ్గర జిల్లా స్థాయి పోటీల నుంచే ప్రవేశపెట్టమని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. పోటీ మధ్యలో టైరు పంచరైన పిల్లకు, ఆమె ఏ క్లబ్బుకు చెందినదైనా, ఎవరి బిడ్డ అయినా, వెంటనే మరో చక్రం బిగించి తిరిగి పోటీలోకి పంపే బాధ్యతను నిర్వాహకులే తీసుకోవాలి. అందుకు శిక్షణ పొందిన మెకానిక్‌లు, కొన్ని చక్రాలు, రాతపూర్వకమైన ఒక నియమం ఉంటే చాలు.

విస్కాన్సిన్‌లో ఏటా జూన్ నెలలో ‘టూర్ ఆఫ్ అమెరికాస్ డెయిరీలాండ్’ అనే పోటీల వరుస జరుగుతుంది. 2009లో మొదలైన ఈ వరుస పదకొండు రోజుల పాటు రోజుకొక చోట సాగుతుంది. వీటిని క్రైటీరియం పోటీలు అంటారు. ఊరి నడిబొడ్డున నాలుగైదు వీధులను మూసేసి, ఒక కిలోమీటరు నుంచి ఒకటిన్నర కిలోమీటరు వరకు ఉండే చుట్టు మీద ఆగకుండా తిరుగుతారు. పొద్దున కొత్తవాళ్లతో, పిల్లలతో మొదలైన రోజు చీకటి పడే వేళకు వృత్తి క్రీడాకారుల పోటీతో ముగుస్తుంది. మిల్వాకీ నగరంలోని డౌనర్ అవెన్యూ మీద పోటీ జరిగే రోజున వీధికి రెండు వైపులా జనం ఇసుక వేస్తే రాలనట్టు నిలబడతారు. ఆ రాష్ట్రం పాడికి పేరుపొందింది కాబట్టి, ఆవుల మెడలో కట్టే గంటలను చేత్తో మోగిస్తూ ప్రతి చుట్టులోనూ ఉత్సాహపరుస్తారు. జులైలో ఇదే తరహా పోటీలు షికాగో చుట్టుపక్కల ‘ఇంటెలిజెన్షియా కప్’ పేరుతో జరుగుతాయి. మా మెకానిక్‌లలో చాలామంది జూన్‌లో ఇక్కడ పని ముగించుకుని అక్కడికి వెళతారు.

ఈ పోటీల్లో చుట్టు మీద ఒకచోట మెకానిక్‌ల స్థావరం ఉంటుంది. దాన్ని పిట్ అంటారు. జట్లూ, విడిగా వచ్చినవాళ్లూ తమ విడి చక్రాలకు పోటీ నంబరు చీటీ కట్టి అక్కడ పెట్టుకోవచ్చు. విడి చక్రాలు లేనివాళ్ల కోసం నిర్వాహకుల తరఫున తటస్థ చక్రాలు, అంటే ఏ జట్టుకూ చెందని చక్రాలు, సిద్ధంగా ఉంటాయి. వాటిని అడగడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. పంక్తి భోజనంలో విస్తరి ముందు కూర్చున్నది ఎవరో చూడకుండా వడ్డించినట్టే, చెయ్యి ఎత్తి వచ్చినవాడికల్లా చక్రం ఇస్తాం.

చక్రం ఒక్కటే ఇస్తే సరిపోదు. గుంపు గంటకు నలభై అయిదు కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆగినవాడు తిరిగి అందుకోలేడు. అందుకని ‘ఫ్రీ ల్యాప్’ అనే నియమం ఉంది. పంచరైనా, కిందపడినా, ముఖ్యమైన భాగం విరిగినా ఆ క్రీడాకారుడు పిట్‌కు చేరుకుంటాడు. అక్కడి అధికారి కారణం నిజమేనని నిర్ధారించుకుంటే, గుంపు మరో చుట్టు తిరిగి వచ్చేలోగా సైకిల్‌ను బాగుచేసి, అతను ఏ గుంపులో నుంచి విడిపోయాడో ఆ గుంపులోకే తిరిగి పంపుతాం. సరిగా బిగించుకోకుండా వచ్చినందువల్ల కలిగిన తిప్పలకు ఈ అవకాశం లేదు. పోటీ ముగింపుకు దగ్గరపడ్డాక కూడా లేదు. చుట్టు చిన్నది కనుక మా చేతిలో ఉండేది ఒకటిన్నర నిమిషం, ఒక్కోసారి అంతకంటే తక్కువ. ఆ కాస్త వ్యవధిలో చక్రం మార్చాలి, గేరు తప్పకుండా పడుతోందో లేదో చూడాలి, బ్రేకు పట్టి చూడాలి, సీటు వెనక చెయ్యి వేసి తోసి పంపాలి.

ఈ పని పైకి కనిపించినంత సులువు కాదు. చక్రం మధ్యలో ఉండే పళ్లేన్ని పట్టి ఆపే డిస్క్ బ్రేకులను 2018 జులై నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రోడ్డు పోటీల్లో పూర్తిగా అనుమతించింది. అప్పటి నుంచి పిట్‌లో చక్రాల రకాలు పెరిగాయి. చక్రం అంచును పట్టే పాత తరహా రిమ్ బ్రేకులవి వేరు, డిస్క్ బ్రేకులవి వేరు. డిస్కుల్లో మళ్లీ 160 మిల్లీమీటర్లవీ 140 మిల్లీమీటర్లవీ ఉంటాయి. వెనక పళ్లచక్రాల దొంతర కొందరికి పదకొండు, కొందరికి పన్నెండు. గుంపు వచ్చే ముందే ముందు చక్రాలను ఒక వరుసలో, వెనక చక్రాలను మరో వరుసలో, రకాల వారీగా సర్దుకోకపోతే ఆ ఒకటిన్నర నిమిషం వెతకడానికే చాలదు. డిస్క్ చక్రం మార్చిన తరువాత బ్రేకు ప్యాడ్ల మధ్య రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తే, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ మరను వదులు చేసి, బ్రేకు పట్టి ఉంచి, తిరిగి బిగించే వ్యవధి ఉందో లేదో అప్పటికప్పుడు తేల్చుకోవాలి.

అన్నిటికంటే బరువైన నిర్ణయం కిందపడిన సైకిల్ గురించి తీసుకునేది. మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతున్నా కుర్రవాడు మళ్లీ ఎక్కాలనే అంటాడు. మెకానిక్ ముందు మనిషిని చూడాలి. అతని మాట తడబడుతుందేమో, తల తగిలిందేమో గమనించి వైద్య సిబ్బందిని పిలవాలి. తరువాతే సైకిల్. హ్యాండిల్ పక్కకు తిరిగిందా, వెనక గేరు వేలాడే కొక్కెం చక్రం వైపు వంగిందా, కార్బన్ ఫ్రేము మీద వెంట్రుకంత చీలిక ఉందా అని వేలితో తడిమి చూడాలి. గేరు కొక్కెం వంగిన సైకిల్‌ను అలాగే పంపితే, పెద్ద పళ్లచక్రం మీదకు మార్చిన క్షణంలో గేరు చువ్వల్లో చిక్కుకుని అతనితో పాటు వెనక ఉన్నవాళ్లనూ పడేస్తుంది. ‘ఈ సైకిల్ ఇవాళ వెళ్లదు’ అనే అధికారం మెకానిక్‌కు ఉండాలి. ఆ మాటను పోటీ అధికారి బలపరచాలి. ఈ వేసవిలో నేను ఆ మాట అనవలసి వచ్చిన ప్రతిసారీ ఎదుటివాళ్ల ముఖం చూడడం కష్టంగానే ఉంది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం పోటీలు ముగిశాక మరో పని మొదలవుతుంది. జట్ల సైకిళ్లను వరుసగా స్టాండు మీదకు ఎక్కించి కడుగుతాం. చైను మీది జిడ్డు కరిగించి, పైనుంచి కిందకు సబ్బునీటితో తుడిచి, బేరింగులున్న చోట నీటి ధార నేరుగా తగలకుండా చూసుకుని, ఆరబెట్టి, నూనె వేస్తాం. ఇది శుభ్రం కోసం చేసే పనిగా కనిపిస్తుంది కానీ సైకిల్‌లోని లోపాలలో ఎక్కువ భాగం దొరికేది అప్పుడే. తడిగుడ్డ పట్టుకున్న చెయ్యి ఫ్రేములో ప్రతి అతుకు మీదుగా పోతుంది కాబట్టి కళ్లకు ఆనని పగులు వేళ్లకు తగులుతుంది. మా తెనాలి షాపులో ఓవరాయిలింగ్‌కు వచ్చిన సైకిల్‌ను ముందు కిరసనాయిలుతో తుడవమని చిన్నప్పుడు నాకు ఎందుకు పురమాయించేవారో ఇక్కడ పనిచేస్తున్నప్పుడు పూర్తిగా అర్థమైంది.

నాకు ఈ పని నేర్పిన స్నేహితుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్లు లేకుండా ఈ విన్నపం లేదు. మా పిట్‌ను నడిపే పెద్దాయన బడిపంతులుగా పదవీ విరమణ చేసినవారు. కొత్తగా వచ్చిన మెకానిక్‌ను మొదటి రోజు చక్రం ముట్టుకోనివ్వరు. గుంపు వస్తున్న చప్పుడు విని, అందులో ఎవరి సైకిల్ ఇబ్బందిలో ఉందో చెప్పమంటారు. కొలంబియా మూలాలున్న ఒక మహిళా మెకానిక్ నాకు డిస్క్ చక్రం మార్చడంలో తొందర మాన్పించింది. ఇరుసును చేత్తో తిప్పేటప్పుడు మొదటి చుట్టు నెమ్మదిగా వెయ్యి, మర సరిగా కూర్చుంటే మిగిలినవి వాటంతట అవే పోతాయి అని ఆమె చెప్పినప్పటి నుంచి నా పని మెరుగుపడింది. ప్రత్యర్థి జట్ల మెకానిక్‌లు పక్కపక్కనే నిలబడతారు. ఒకరి దగ్గర లేని పనిముట్టు ఇంకొకరు ఇస్తారు. విడి చోట్లలో ఉంటే వీళ్లు ఒకరికొకరు పరిచయం కూడా అయ్యేవారు కారని నా నమ్మకం. అందరికీ ఒకే పిట్ అనే ఏర్పాటే ఈ స్నేహాలకు చోటిచ్చింది.

పోటీ మధ్యాహ్నం మొదలయ్యే రోజుల్లో తెల్లవారకముందే లేచి అందరం కలిసి సైకిళ్లు తొక్కడానికి వెళ్లేవాళ్లం. మిల్వాకీలో మిషిగన్ సరస్సు ఒడ్డు వెంబడి ఓక్ లీఫ్ ట్రయిల్ అనే సైకిల్ దారి ఉంది. నగరం చుట్టుపక్కల పార్కులను కలుపుతూ మొత్తం 100 మైళ్లకు పైగా సాగుతుంది. సరస్సు మీది నుంచి జూన్‌లో కూడా చల్లగాలి వీస్తుంది. తొక్కని మెకానిక్‌కు సైకిల్ బాధ తెలియదు అనేది మా పెద్దాయన మాట, అది నిజం. మలుపులో ముందు బ్రేకు వణుకు ఎలా ఉంటుందో శరీరానికి తెలిసినవాడికి, క్రీడాకారిణి వచ్చి ‘ఏదో తేడాగా ఉంది’ అన్నప్పుడు ఆ ‘ఏదో’ ఎక్కడుందో వెతకడం తెలుస్తుంది.

ఇక మన దగ్గరి సంగతి. కొన్నేళ్ల కిందట సెలవులకు వచ్చినప్పుడు ఒక రోడ్డు పోటీ చూడడానికి వెళ్లాను. ఎక్కడ, ఎవరు నిర్వహించారు అన్నది ఇక్కడ అవసరం లేదు, ఒక్కరిని తప్పుపట్టడానికి నేను ఇది రాయడం లేదు. బాలికల విభాగంలో ముందు వరుసలో ఉన్న ఒక అమ్మాయికి సగం దూరంలో వెనక టైరు పంచరైంది. వెనక మోటారు సైకిల్ మీద వస్తున్న తండ్రి దగ్గర గాలి కొట్టే పంపు తప్ప ఏమీ లేదు. ఇద్దరూ కలిసి గాలి కొట్టారు, అది నిలవలేదు. ఆ తరువాత అబ్బాయిల విభాగంలో అదే రోడ్డు మీద ఇంకొకరికి పంచరైతే, కారులో వెంట వస్తున్న కుటుంబం డిక్కీలోంచి చక్రం తీసి బిగించింది. ఆ అబ్బాయి పోటీ పూర్తిచేశాడు. అందుకు నాకు సంతోషమే. కానీ ఆ రోజు ఇద్దరి ఫలితాన్నీ తేల్చింది వాళ్ల కాళ్ల బలం కాదు, ఇంట్లో కారు ఉందా లేదా అన్నది. నెలల తరబడి తెల్లవారుజామున లేచి సాధన చేసిన పిల్ల ఒక గాజుపెంకు వల్ల ఓడిపోతే, ఆమెకు మనం ఏమని సమాధానం చెప్పాలి?

క్రీడాకారుడు తన సైకిల్‌ను తానే బాగుచేసుకోవాలనే నియమం ఒకప్పుడు ఫ్రాన్సులోనూ ఉండేది. 1913 టూర్ డి ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్తోఫ్ అనే క్రీడాకారుడికి తూర్మలే కొండ దిగుతుండగా ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. సైకిల్‌ను భుజాన వేసుకుని కిలోమీటర్ల కొద్దీ నడిచి, సెంత్ మరీ ద కంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గరకు చేరి, అధికారులు కాపలా కాస్తుండగా తన చేతులతోనే ఫోర్కును అతుక్కున్నాడు. కొలిమి తిత్తి ఊది సాయం చేసిన పిల్లవాడి కారణంగా అతనికి కాలజరిమానా కూడా విధించారు. ఆ దేశమే తరువాత దారి మార్చుకుంది. 1973లో పారిస్–నీస్ పోటీలో సైకిల్ చక్రాలు తయారుచేసే మావిక్ సంస్థ వాహనాలు ఏ జట్టుకైనా చక్రాలిచ్చే తటస్థ సేవగా రోడ్డెక్కాయి. ఇప్పుడు పెద్ద పోటీలన్నిటిలో అది మామూలు విషయం. అది లోపాలు లేనిదేమీ కాదు. 2016 టూర్ డి ఫ్రాన్స్‌లో మోన్ వాంతూ అనే కొండ మీద క్రిస్ ఫ్రూమ్ అనే క్రీడాకారుడికి ఇచ్చిన తటస్థ సైకిల్ అతని కాళ్లకు సరిపడక దాని మీద సాగలేకపోయాడు. మరుసటి ఏడాది సీటు ఎత్తును తొక్కుతూనే మార్చుకోగల తటస్థ సైకిళ్లు టూర్‌లోకి వచ్చాయి. మన జిల్లా పోటీల్లో పిల్లల పరిస్థితి మాత్రం ఇంకా ఆ కొలిమి రోజుల్లోనే ఉంది.

మన దగ్గర చేతులు లేవా అంటే ఉన్నాయి. ప్రతి మండల కేంద్రంలోనూ బెండు తీయడం తెలిసిన సైకిల్ షాపు మనిషి కనిపిస్తాడు. చక్రాన్ని ఫోర్కులో పెట్టి తిప్పి, గోరు అడ్డం పెట్టి, ఏ చువ్వ బిగించాలో ఏది వదలాలో కంటితోనే తేల్చేస్తాడు. అమెరికాలో ఖరీదైన స్టాండు మీద, కొలిచే ముల్లు చూసుకుంటూ చేసే పని అది. అద్దె సైకిళ్ల రోజులు పోయి, మోటారు సైకిళ్లు పెరిగి, ఆ షాపులు ఒక్కొక్కటే మూతబడుతున్నాయి. ఆ నేర్పు పూర్తిగా పోకముందే అలాంటి యువకులనూ, ఆసక్తి ఉన్న అమ్మాయిలనూ పిలిచి రేసు సైకిళ్ల పని నేర్పితే, వాళ్లకు అదనపు ఆదాయం, మీకు మెకానిక్‌లు. వేసవి సెలవుల్లో పిల్లల శిక్షణ శిబిరాలు జరిగే చోటే వీళ్లకూ రెండు వారాల శిక్షణ పెట్టవచ్చు. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల కోసం కట్టిన ట్రాక్, ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ సౌరఫలకాల కప్పు కింద ఉంది. చక్రం మార్చి, తోసి పంపడం సాధన చేయడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

చక్రాల ఖర్చు గురించి మీకు సందేహం రావచ్చు. విస్కాన్సిన్ పిట్‌లో ఉన్నన్ని రకాలు మీకు అవసరం లేదు. మన పిల్లలలో ఎక్కువమంది రిమ్ బ్రేకుల సైకిళ్ల మీదే పోటీ చేస్తున్నారు. పదకొండు గేర్ల దొంతర పట్టే హబ్బు (చక్రం మధ్య భాగం) ఉన్న వెనక చక్రం కొని పెట్టుకుంటే, 1.85 మిల్లీమీటర్ల పలుచని వాషరు వేసి షిమానో ఎనిమిది, తొమ్మిది, పది గేర్ల దొంతరలను కూడా దానికే ఎక్కించవచ్చు (పది గేర్లకు సాధారణంగా ఇంకో 1 మిల్లీమీటరు వాషరు కావాలి). కాబట్టి కొద్దిపాటి చక్రాలతో ఎక్కువమందికి సాయం అందుతుంది. గేరు కొంచెం గరగరమన్నా పోటీ పూర్తవుతుంది. మామూలు సైకిళ్ల విభాగం ఉన్న పోటీల్లో నట్లు విప్పడానికి తగిన పానా, గాలి కొట్టి ఉంచిన చక్రాలు ఉంటే చాలు. రోడ్డు పోటీ అయితే చక్రాలు కట్టిన ఒక జీపు, ఇరుకు దారుల్లో చక్రం భుజాన వేసుకున్న మెకానిక్‌ను ఎక్కించుకున్న ఒక మోటారు సైకిల్ గుంపు వెనక నడవాలి. తెల్లవారుజామున వాహనాలు ఆపే విశాఖ బీచ్ రోడ్డు లాంటి చోట చుట్టు పోటీ పెడితే ఒకే పిట్ అందరికీ సరిపోతుంది. ప్రారంభోత్సవ వేదికకు కేటాయించే డబ్బులో కొంత భాగం ఒక ఏడాది ఇటు మళ్లిస్తే ఈ సామగ్రి సమకూరుతుంది, ఆ తరువాత ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది.

పోటీకి ముందు సైకిళ్ల తనిఖీ కూడా ఈ మెకానిక్‌లకే అప్పగించండి. బ్రేకు తీగ తెగబోతోందా, హ్యాండిల్ మర వదులుగా ఉందా, చక్రం బిగింపు పడిందా అని పోటీ మొదలయ్యే గంట ముందు చూస్తే, రోడ్డు మీద ఎముకలు విరిగే ప్రమాదాలు కొన్నయినా తప్పుతాయి. వచ్చిన మెకానిక్‌కు రోజు కూలి, భోజనం, ప్రమాద బీమా ఉండాలి. ‘సేవగా వచ్చి చేయండి’ అని అడిగితే మొదటి ఏడాది వస్తారు, రెండో ఏడాది షాపు మూసుకుని రాలేరు. బడికి వెళ్లే ఆడపిల్లలకు ప్రభుత్వమే సైకిళ్లు పంచిన నేల మనది. సైకిల్‌ను నడుస్తూ ఉంచే మనిషికి కూడా ఆ గౌరవంలో వాటా ఉండాలని అడుగుతున్నాను.

2026 జనవరిలో పుణె పరిసరాల్లో అంతర్జాతీయ క్యాలెండరులో చేరిన స్టేజి రేసు, అంటే రోజుకో దశగా సాగే రోడ్డు పోటీ, జరిగింది. అలాంటి పోటీలు మన రోడ్ల మీదకూ వస్తాయని నేను ఆశపడుతున్నాను. అప్పుడు బయటి మెకానిక్‌ల కోసం వెతుక్కోకుండా మనవాళ్లే చక్రాలు పట్టుకుని నిలబడాలంటే, మొదలుపెట్టవలసింది ఈ ఏడాది జరగబోయే చిన్న పోటీల్లోనే.

నా వంతుగా చేయగలిగింది ఇది. ఈ డిసెంబరులో సెలవు పెట్టుకుని వస్తున్నాను. ఏ జిల్లా సంఘం పిలిచినా సొంత ఖర్చుతో వచ్చి, షాపు మెకానిక్‌లకు చక్రం మార్పిడి, గేర్ల సర్దుబాటు, పడిపోయిన సైకిల్ తనిఖీ నేర్పుతాను. ఫ్రీ ల్యాప్ నియమాన్ని మన పోటీలకు తగినట్టు తెలుగులో రాసి ఇస్తాను, అందులో మార్పులు మీరే చేసుకోవచ్చు. నాతో పనిచేసిన స్నేహితులు వాడి పక్కనపెట్టిన రిమ్ బ్రేకుల చక్రాలను ఇస్తామన్నారు, బేరింగులు మార్చి, బెండు తీసి తీసుకొస్తాను. ఏ పోటీకి ముందుగా పిట్ పెట్టాలో, ఎంతమంది మెకానిక్‌లను శిక్షణకు పంపగలరో నవంబరులోగా మీరు బహిరంగంగా ప్రకటిస్తే, దానికి తగ్గట్టు నేను చక్రాలు సర్దుకుంటాను.

ఇట్లు,
విస్కాన్సిన్ నుంచి ఒక తెలుగు రేసు మెకానిక్